ఏప్రిల్ చివర్లో స్విట్జర్లాండ్: తేదీల కంటే ముందు ఎత్తు చూసుకోండి

నమస్తే అండి. మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. హైదరాబాద్ నుంచి అయిదుగురు బయల్దేరుతున్నారు: మీరిద్దరు, తొమ్మిదేళ్ళ పాప, మోకాళ్ళ నొప్పులున్న అమ్మగారు, బీపీ మందులు వాడే నాన్నగారు. పాపకు బడి సెలవులివ్వగానే ఏప్రిల్ 26న బయల్దేరి తొమ్మిది రాత్రులు ఉండాలి. జ్యూరిక్, లూసెర్న్, ఇంటర్‌లాకెన్, జెర్మాట్, సెయింట్ మోరిట్జ్, జెనీవా అన్నీ తిరగాలి. యుంగ్‌ఫ్రావ్‌యోఖ్, టిట్లిస్, గోర్నర్‌గ్రాట్ అనే మంచు కొండలు మూడూ ఎక్కాలి. కుదిరితే రెండ్రోజులు కారు తీసుకుని ఫుర్కా పాస్ అనే కొండ కనుమ మీదుగా వెళ్ళాలి. పెద్దవాళ్ళిద్దరూ శాకాహారులు. ఈ ప్లాన్ సరిపోతుందా అన్నది ప్రశ్న.

నేను బెర్న్ దగ్గర చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. ఎండాకాలం సెలవుల్లో వచ్చే మనవాళ్ళకు ప్లాన్లు వేసిపెట్టడం అలవాటైపోయింది. సూటిగా చెబుతాను: మీరు వేసుకున్న ప్లాన్ జూలైకి బాగుంటుంది. ఏప్రిల్ చివర్లో అందులో సగం జరగదు. అలాగని ట్రిప్ మానుకోవద్దు. వసంతంలో ఈ దేశం చాలా అందంగా ఉంటుంది. కాకపోతే ఆ అందం ఎక్కడుంటుందో తెలుసుకుని అక్కడికి వెళ్ళాలి.

ఇక్కడ కాలం క్యాలెండర్ కంటే ఎత్తును బట్టి మారుతుంది. పైకి వెళ్ళేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. లూసెర్న్ 436 మీటర్ల ఎత్తులో ఉంది. ఏప్రిల్ చివరికి అక్కడ చెట్లు చిగురించి, పచ్చిక మీద పసుపు పూలు పరుచుకుని, మధ్యాహ్నం పల్చటి స్వెటర్‌తో తిరగొచ్చు. అదే రోజు 1,600 మీటర్ల దగ్గర బురద, కరుగుతున్న మంచు, ఎండిన గడ్డి. 2,500 మీటర్ల పైన పూర్తిగా శీతాకాలం. అక్కడ మంచు మందం ఏడాది మొత్తంలో ఎక్కువగా ఉండేది దాదాపు ఏప్రిల్‌లోనే. ఇంటర్నెట్‌లో మీరు చూసి ముచ్చటపడే నీలి సరస్సుల ఫోటోలు, గ్రిండెల్‌వాల్డ్ పైన 2,265 మీటర్ల ఎత్తులో ఉన్న బాఖాల్ప్‌జే లాంటివి, జూలై, ఆగస్టు నెలల్లో తీసినవి. ఏప్రిల్‌లో ఆ సరస్సు గడ్డకట్టి, మీద మంచు కప్పుకుని ఉంటుంది. అది సరస్సని కూడా పోల్చుకోలేరు.

అందుకని మొదటి సలహా తేదీల గురించే. తెలుగు రాష్ట్రాల్లో బడులు మళ్ళీ తెరిచేది సాధారణంగా జూన్ 12 ప్రాంతంలో. సెలవులివ్వగానే పరుగెత్తాల్సిన పని లేదు. మీ ఆఫీసుల్లో కుదిరితే మే 20 తర్వాత బయల్దేరండి. ఆ మూడు నాలుగు వారాల తేడాకు మంచు గీత చాలా పైకి జరుగుతుంది, జలపాతాలు నిండుగా దూకుతాయి, రాత్రి తొమ్మిదింటి దాకా వెలుతురుంటుంది, మూసిన రోప్‌వేలు ఒక్కొక్కటిగా తెరుచుకుంటాయి. జూన్ నెలాఖరు నుంచి ఉండే రద్దీ, రేట్లు ఇంకా మొదలుకావు. నన్నడిగితే మన సెలవుల్లో స్విట్జర్లాండ్‌కు సరైన సమయం మే చివరి వారం నుంచి జూన్ మొదటి వారం.

ఈ రోప్‌వేల సంగతి ఏ ట్రావెల్ ఏజెంటూ ముందు చెప్పడు. ఇక్కడ స్కీ సీజన్ ఏప్రిల్ మధ్యలో ముగుస్తుంది. వేసవి సీజన్ మే చివర, జూన్‌లో మొదలవుతుంది. మధ్యలో తీగలు, మోటార్లు, బ్రేకులు విప్పి తనిఖీ చేయడానికి చాలా లైన్లు మూసేస్తారు. దాన్ని జర్మన్‌లో ‘రివిజియోన్’ అంటారు. ఏ కొండ రైల్వే వెబ్‌సైట్‌లోనైనా ఆ మాట కనబడితే ఆ తేదీలు రాసిపెట్టుకోండి. వెంగెన్ నుంచి మెన్లిఖెన్ వెళ్ళే కేబుల్ కార్ ఆ వారాల్లో నడవదు. ష్యునిగె ప్లాట్టె పళ్ళ చక్రాల రైలు, బ్రియెంజ్ రోట్‌హోర్న్ ఆవిరి రైలు మంచు తీశాక జూన్‌లోనే మొదలవుతాయి. ప్రతి ఏడాదీ తేదీలు మారతాయి కాబట్టి హోటల్ బుక్ చేసేముందే ఆయా రైల్వేల సొంత సైట్లలో చూడాలి. వెంగెన్, మ్యురెన్ లాంటి కార్లు తిరగని కొండ ఊళ్ళలో కూడా ఏప్రిల్ చివర్లో సగం హోటళ్ళు, కిరాణా కొట్టు తప్ప మిగతా కొట్లు చాలా వరకు మూసి ఉంటాయి. సెయింట్ మోరిట్జ్ పరిస్థితి కూడా అంతే. 1,800 మీటర్ల ఎత్తులో ఉన్న ఊరది. స్కీ వాళ్ళు వెళ్ళిపోయి, నడకకు వచ్చేవాళ్ళు ఇంకా రాక బోసిగా ఉంటుంది. దాన్ని ఈసారికి తీసేయండి.

యుంగ్‌ఫ్రావ్‌యోఖ్, గోర్నర్‌గ్రాట్ రైళ్ళు మాత్రం ఏడాది పొడవునా నడుస్తాయి. లూసెర్న్ దగ్గరి రిగి కొండ రైలు కూడా అంతే. టిట్లిస్ తనిఖీ ఎక్కువగా నవంబర్‌లో పెడతారు కాబట్టి వసంతంలో సాధారణంగా తెరిచే ఉంటుంది. కానీ తొమ్మిది రోజుల్లో మూడు మంచు కొండలు ఎందుకండీ? మూడు చోట్లా కనిపించేది తెల్లటి మంచే, మూడింటికీ టికెట్ ఖరీదే. ఒక్కటి ఎంచుకోండి. రెండోది కావాలంటే తక్కువ ఎత్తులో ఉన్నది, పచ్చదనం, సరస్సులు కనబడేది చూసుకోండి.

ఊళ్ళు కూడా తగ్గించాలి. ఆరు ఊళ్ళంటే అయిదుసార్లు పెట్టెలు సర్దడం, అయిదుసార్లు రైళ్ళలోకి ఎక్కించడం. ఇక్కడ రైలు మారడానికి ఒక్కోసారి అయిదారు నిమిషాలే ఉంటుంది. అమ్మగారి మోకాళ్ళతో, నాలుగు పెట్టెలతో ప్లాట్‌ఫారం మారడం అంటే ప్రతిసారీ టెన్షనే. ఈ దేశం చిన్నది, రైళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒకచోట మకాం పెట్టి పొద్దున వెళ్ళి సాయంత్రం తిరిగి రావడమే ఇక్కడ సుఖం.

నేనైతే ఇలా వేస్తాను. జ్యూరిక్‌లో దిగి, విమానాశ్రయం కిందే ఉన్న స్టేషన్‌లో రైలెక్కి నేరుగా లూసెర్న్ వెళ్ళండి, గంటకు కాస్త పైనే పడుతుంది. అక్కడ మూడు రాత్రులు. మొదటి రోజు ప్రయాణ బడలిక తీరేలా సరస్సు ఒడ్డున నడక, పద్నాలుగో శతాబ్దపు చెక్క వంతెన. 1993లో దానికి నిప్పంటుకుని చాలా భాగం కాలిపోతే తిరిగి కట్టారు. కప్పు కింద మసిబారిన బొమ్మల పలకలు ఇప్పటికీ కనబడతాయి, పాపకు చూపించండి. రెండో రోజు రిగి. లూసెర్న్ రేవు నుంచి విట్స్‌నావ్‌కు గంట పడవ ప్రయాణం, రేవు ఎదురుగానే ఎర్ర రైలు. 1871లో మొదలైన ఈ లైను యూరప్‌లోనే మొట్టమొదటి కొండ రైలు. శిఖరం ఎత్తు 1,800 మీటర్లకు కాస్త తక్కువ కాబట్టి నాన్నగారికి ఊపిరి ఇబ్బంది ఉండదు. రైలు దాదాపు కొనదాకా వెళ్తుంది కాబట్టి అమ్మగారు పెద్దగా ఎక్కాల్సిన పని ఉండదు. వసంతంలో ఇంత తక్కువ శ్రమతో సరస్సులు కింద, మంచు కొండల వరస ఎదురుగా, కాళ్ళ దగ్గర తొలి పూలు ఒకేచోట కనిపించేది ఇక్కడే. తిరిగి వచ్చేటప్పుడు ఆర్ట్-గోల్డావ్ వైపు నీలి రైల్లో దిగితే దారి కొత్తగా ఉంటుంది.

లూసెర్న్ నుంచి ఇంటర్‌లాకెన్‌కు బ్రునిగ్ కనుమ మీదుగా వెళ్ళే రైలు దాదాపు రెండు గంటలు. మారక్కర్లేదు, కిటికీలు పెద్దవి, దారి పొడవునా సరస్సులే. ప్రత్యేకంగా డబ్బు కట్టి పనోరమా రైళ్ళు ఎక్కేకంటే ఈ మామూలు రైలే నాకు ఇష్టం. ఇంటర్‌లాకెన్ చుట్టుపక్కల నాలుగు రాత్రులుండండి. ఊరి మధ్యలో రద్దీ అనిపిస్తే థున్ సరస్సు ఒడ్డునున్న ష్పీట్స్ చూడండి, ప్రశాంతంగా ఉంటుంది, పెద్ద రైళ్ళన్నీ ఆగుతాయి.

వసంతంలో ఈ ప్రాంతానికి రావాల్సింది నీళ్ళ కోసం. లౌటర్‌బ్రునెన్ లోయలో డెబ్భై రెండు జలపాతాలని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఎండాకాలం చివరికి వాటిలో చాలా సన్నగిల్లిపోతాయి. పైన మంచు కరిగే మే నెలలో మాత్రం లోయ రెండు పక్కలా గోడల మీంచి నీళ్ళు దూకుతూ ఉంటాయి, ఆ చప్పుడు ఊళ్ళో నడుస్తుంటే వినిపిస్తూనే ఉంటుంది. స్టేషన్ నుంచి నడిచి వెళ్తే ష్టావ్‌బాఖ్ జలపాతం 297 మీటర్ల ఎత్తు నుంచి పడుతుంది. గాలి వీస్తే నీరు నేలకు చేరకముందే తుంపరైపోతుంది. అక్కడి నుంచి లోయ వెంబడి దారి చదునుగా ఉంటుంది, అమ్మగారు నడవగలిగినంత నడిచి మధ్యలో బస్సెక్కొచ్చు. కొండ లోపల దూకే ట్రుమెల్‌బాఖ్ జలపాతాలు ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రావ్ శిఖరాల హిమానీనదాల నీటిని మోసుకొస్తాయి. ఉరవడి ఎక్కువైనప్పుడు సెకనుకు 20,000 లీటర్ల దాకా. లోపల లిఫ్టు ఉంది కానీ ఆ తర్వాత తడి మెట్లు చాలానే ఉన్నాయి. మీరిద్దరూ పాపను తీసుకుని వెళ్ళండి, పెద్దవాళ్ళను బయట కెఫేలో కూర్చోబెట్టండి. ఇది శీతాకాలంలో మూసి ఏప్రిల్‌లో తెరుస్తారు.

ఇక యుంగ్‌ఫ్రావ్‌యోఖ్. 1912లో తెరిచిన రైలు, 3,454 మీటర్ల ఎత్తు. ఇంటర్‌లాకెన్ నుంచి పూర్తి ధర రానుపోను ఒక్కొక్కరికి 200 ఫ్రాంకులు దాటుతుంది. ఇంత పెట్టి పైకి వెళ్ళి పొగమంచు తప్ప ఏమీ కనబడక తిరిగొచ్చేవాళ్ళు వసంతంలో ఎంతోమంది. కాబట్టి హైదరాబాద్‌లో కూర్చుని ఫలానా తేదీకి టికెట్ కొనకండి. ఆ నాలుగు రోజుల్లో ఏదో ఒకటి అని ఖాళీగా ఉంచుకోండి. ముందురోజు సాయంత్రం ఇక్కడి వాతావరణ శాఖ మెటియోస్విస్ యాప్‌లో కొండ వాతావరణం చూడండి, పొద్దున లేవగానే పైన ఉన్న వెబ్‌క్యామ్ చూడండి. కింద మబ్బుగా ఉన్నా పైన ఎండ కాస్తుండొచ్చు, వెబ్‌క్యామ్ మాత్రమే ఆ సంగతి చెబుతుంది. బాగుందనుకుంటే అప్పుడు టికెట్, సీటు రిజర్వేషన్ తీసుకుని వీలైనంత పొద్దున్నే వెళ్ళండి. మధ్యాహ్నానికి మబ్బులు లేస్తాయి. దక్షిణం నుంచి వీచే ఫ్యోన్ గాలి ఉన్న రోజుల్లో ఆకాశం అద్దంలా ఉంటుంది కానీ గాలి జోరుకి కేబుల్ కార్లు ఆపేస్తారు, అది కూడా గమనించుకోండి.

ఆ ఎత్తులో పీల్చే గాలిలో ఆక్సిజన్ కింద ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. నాన్నగారి విషయంలో మీ డాక్టర్ గారితో ఎత్తు ఎంతో అంకె చెప్పి మరీ మాట్లాడండి. “కొండ మీదికి వెళ్తున్నాం” అంటే ఆయనకు తిరుమల గుర్తొస్తుంది. తిరుమల వెయ్యి మీటర్లు కూడా లేదు. పైకి వెళ్ళాక నెమ్మదిగా నడవాలి, నీళ్ళు తాగుతుండాలి, తల తిరిగినా ఆయాసం వచ్చినా వెంటనే దిగే రైలెక్కాలి, ఫోటోల కోసం ఆగకూడదు. మంచు గుహలో నేల జారుతుంది, అమ్మగారు పక్కనున్న పట్టీ వదలకూడదు. వాళ్ళిద్దరికీ ఏమాత్రం సందేహమున్నా మీరు ముగ్గురే వెళ్ళండి. పెద్దవాళ్ళు ఆ రోజు థున్ సరస్సులో పడవ మీద హాయిగా గడుపుతారు.

చివరి రెండు రాత్రులు ముందుగా ఖాయం చేయకుండా, ఉచితంగా రద్దు చేసుకునే బుకింగులు రెండు చోట్ల పెట్టుకోమంటాను. ఆల్ప్స్‌కు ఉత్తరాన వాన పట్టిన రోజుల్లో చాలాసార్లు దక్షిణాన టిచినో రాష్ట్రంలో ఎండ కాస్తుంది. ఒక్కోసారి దీనికి సరిగ్గా ఉల్టా. వాతావరణ సూచన చూసి టిచినోలోని లుగానో వెళ్ళాలా, జెనీవా సరస్సు వైపు మోంత్రో వెళ్ళాలా అన్నది అక్కడే తేల్చుకోండి. వసంతం ఈ దేశంలో మొదట అడుగుపెట్టేది టిచినోలోనే. భాష ఇటాలియన్, తాటిచెట్లు, కమేలియా పూలు. 57 కిలోమీటర్ల గోటార్డ్ బేస్ టన్నెల్ వచ్చిన దగ్గర్నుంచీ జ్యూరిక్, లుగానోల మధ్య ప్రయాణం రెండు గంటలకు తగ్గింది, కాబట్టి తిరుగు విమానానికి కంగారు లేదు. మోంత్రో వైపైతే మోర్జ్ ఊళ్ళో సరస్సు ఒడ్డు తోటలో ఏప్రిల్ నుంచి మే మధ్య దాకా ట్యులిప్ పండగ జరుగుతుంది. జెర్మాట్ ఈ ప్లాన్‌లో పట్టదు. బలవంతంగా ఇరికిస్తే అక్కడి మాటర్‌హోర్న్ శిఖరం కనబడుతుందో లేదో తెలియని ఒక్క పూట కోసం రెండు రోజులు పోతాయి.

కారు ఆలోచన మానేయండి. 2,429 మీటర్ల ఫుర్కా పాస్ రోడ్డు మే చివరో జూన్‌లోనో గాని తెరవరు. గ్రిమ్సెల్, సుస్టెన్ కనుమలు కూడా అంతే. ఏప్రిల్‌లో మ్యాప్ ఆ దారి చూపించినా గేటు వేసి ఉంటుంది.

రైలు పాస్ విషయంలో మనవాళ్ళు చాలా గందరగోళపడతారు. స్విస్ ట్రావెల్ పాస్‌లో రైళ్ళు, బస్సులు, పడవలు, చాలా మ్యూజియాలు, రిగి లాంటి కొన్ని కొండలు వస్తాయి. యుంగ్‌ఫ్రావ్‌యోఖ్‌కు గ్రిండెల్‌వాల్డ్ లేదా వెంగెన్ దాకా ఉచితం, పైభాగానికి 25 శాతం తగ్గింపే. హాఫ్ ఫేర్ కార్డుతో అయితే దాదాపు అన్నింటికీ సగం ధర. రోజూ తిరిగేవాళ్ళకు, ప్రతిసారీ టికెట్ లెక్క వేసుకోవడం ఇష్టం లేనివాళ్ళకు పాస్ మేలు. మకాంలో ఉండి రోజు విడిచి రోజు తిరిగే పెద్దవాళ్ళకు హాఫ్ ఫేర్ కార్డు చాలు. మీరిద్దరూ పాస్, వాళ్ళిద్దరూ కార్డు తీసుకోవడంలో తప్పేమీ లేదు. పాపకు మీ పాస్‌తో పాటు స్విస్ ఫ్యామిలీ కార్డు ఉచితంగా ఇమ్మని అడగండి, 16 ఏళ్ళ లోపు పిల్లలకు ప్రయాణం ఉచితం. కానీ అది అమ్మో నాన్నో పక్కన ఉన్నప్పుడే చెల్లుతుంది, తాతగారితో పంపితే టికెట్ కొనాలి. హోటల్లో దిగగానే గెస్ట్ కార్డు ఇస్తారా అని కూడా అడగండి. ఇంటర్‌లాకెన్ చుట్టుపక్కల, టిచినోలో దానితో స్థానిక బస్సులు ఉచితం.

వీసా పని జనవరి, ఫిబ్రవరిల్లోనే మొదలుపెట్టండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు ఇవ్వొచ్చు. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి హైదరాబాద్‌లో వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్ కేంద్రంలో స్లాట్ల కోసం అందరూ ఒకేసారి పడతారు. ఫీజు పెద్దవాళ్ళకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకు 45, పైన సర్వీసు చార్జీ. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు, షెంగెన్ (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల గుంపు) మొత్తానికీ వర్తించేలా ఉండాలి. అమ్మానాన్నల పాలసీలో ముందునుంచీ ఉన్న జబ్బుల గురించి ఏం రాశారో చదవండి, చవకదని తీసుకునే పాలసీల్లో అక్కడే తేడా వస్తుంది. వాళ్ళ ఖర్చు మీరే పెట్టుకుంటుంటే ఆ సంగతి ఒక లేఖలో రాసి, మీ బ్యాంకు స్టేట్‌మెంట్లు, బంధుత్వం చూపే కాగితం జత చేయండి.

భోజనం గురించి భయపడక్కర్లేదు గానీ సిద్ధపడాలి. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. పొయ్యిలు చాలాచోట్ల ఇండక్షన్‌వి, మన అల్యూమినియం కుక్కర్ వాటి మీద పనిచేయదు, ఇండక్షన్‌కు సరిపోయే స్టీలుది చిన్నది తెచ్చుకోండి. ఆవకాయ, కందిపొడి, చింతపండు తెచ్చుకోవచ్చు. నెయ్యి, పాలకోవా, నేతితో చేసిన సున్నుండలు, పూతరేకులు మాత్రం వద్దు. ఐరోపా బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం వ్యక్తిగత సామానులో తేవడం ఇక్కడ నిషేధం. మామిడిపళ్ళు, పచ్చి కరివేపాకు కూడా ఇంట్లో పెట్టే రండి. పొడులన్నీ ప్యాకింగ్ మీద పేరున్నవైతే కస్టమ్స్ వాళ్ళకు చెప్పడం సులువు. కరివేపాకు, మునక్కాయ, ఇడ్లీ రవ్వ శ్రీలంక తమిళుల దుకాణాల్లో దొరుకుతాయి. బెర్న్, జ్యూరిక్, లూసెర్న్ అన్నిచోట్లా ఉన్నాయి. పెరుగు, పాలు కూప్, మిగ్రో అనే సూపర్‌మార్కెట్లలో ఎక్కడైనా చాలా బాగుంటాయి. ఆదివారం ఇవి మూసేస్తారు, స్టేషన్లలో ఉన్నవే తెరుస్తారు, కాబట్టి శనివారం సాయంత్రమే తెచ్చిపెట్టుకోండి.

బయట తింటే రోస్టీ అడగండి, బంగాళాదుంప తురిమి వేయించినది. పందిమాంసం ముక్కలు లేకుండా అని స్పష్టంగా చెప్పాలి. రొట్టె ముంచుకుని తినే కరిగించిన చీజ్, ఫోండ్యులో వైట్ వైన్, కిర్ష్ అనే మద్యం కలుపుతారు, పెద్దవాళ్ళకు ముందే చెప్పండి. గ్రుయేర్ లాంటి ఇక్కడి చీజ్‌లు దూడ పొట్టలోంచి తీసే రెనెట్‌తో చేస్తారు, నిష్ఠగా ఉండేవాళ్ళకు అదీ తెలియాలి. జ్యూరిక్‌లో హిల్ట్ల్ అని 1898 నుంచి నడుస్తున్న శాకాహార రెస్టారెంట్ ఉంది, తిరుగు ప్రయాణం రోజు భోజనానికి బాగుంటుంది. చాలా హోటళ్ళలో మధ్యాహ్నం రెండు దాటితే వంటగది ఆపేస్తారు, మళ్ళీ సాయంత్రం ఆరింటికే.

బట్టలకు పెద్ద కోట్లు కొని డబ్బు పోసుకోవద్దు. లోపల థర్మల్, పైన ఫ్లీస్, ఆ పైన వాన ఆగే జాకెట్. వేడెక్కితే విప్పుకోవచ్చు. అమ్మగారు చీరే కడతానంటే లోపల థర్మల్ ప్యాంటు, కాళ్ళకు సాక్సు, పట్టున్న బూట్లు ఉంటే చాలు, చెప్పులతో మాత్రం కొండెక్కించకండి. మంచు మీద ఎండ కళ్ళకు బాగా కొడుతుంది, చలువ కళ్ళద్దాలు అందరికీ ఉండాలి. మే మధ్యలో, 11 నుంచి 15 దాకా, ‘మంచు సాధువుల’ రోజులని ఇక్కడి రైతులు ఆఖరి చలి దెబ్బ కోసం ఎదురుచూస్తారు. అవి దాటేదాకా తోటల్లో టమాటా నారు నాటరు. మీరూ అప్పటిదాకా స్వెటర్లు అడుగున సర్దకండి.

మందులు నెలకు సరిపడా, చీటీతో సహా చేతి సంచిలో పెట్టుకోండి. అంబులెన్స్ నంబరు 144. కార్డు గీసినప్పుడు రూపాయల్లోనా ఫ్రాంకుల్లోనా అని అడిగితే ఫ్రాంకులే ఎంచుకోండి. కుళాయి నీళ్ళు, వీధి ఫౌంటెన్ నీళ్ళు నిశ్చింతగా తాగొచ్చు, సీసా కొనక్కర్లేదు. పెద్ద స్టేషన్లలో టాయిలెట్‌కు డబ్బు కట్టాలి, రైల్లో ఉచితం, అమ్మగారికి ఇది ఉపయోగపడుతుంది.

ఏప్రిల్ 26ను మార్చలేనంటే ట్రిప్ చెడిపోదు. అప్పుడు లూసెర్న్, ఇంటర్‌లాకెన్ రాత్రులు ఒక్కొక్కటి తగ్గించి ఆ రెండూ టిచినోకు ఇవ్వండి, మిగతాదంతా అలాగే ఉంచండి. మే 20 తర్వాతైతే పైన చెప్పినట్టే వెళ్ళండి. తేదీలు తేలాక, అమ్మగారు ఆగకుండా ఎన్ని మెట్లు ఎక్కగలరో, ఎంతసేపు నడవగలరో కూడా కలిపి రాయండి. దాన్ని బట్టి ఇంటర్‌లాకెన్‌లోని నాలుగు రోజులకు పూటపూటకీ ఎక్కడికి వెళ్ళాలో, ఏ స్టేషన్లో లిఫ్టుందో చూసి చెబుతాను.